హల్ఖా కోసం అబిడ్స్ దాకా

ఈ ప్రయాణం నాడు నాకు అక్షరం ముక్క రాదు. నేర్చుకునేసరికి యాభై దాటాయి, అందుకే ఇంత ఆలస్యంగా రాస్తున్నాను.

మా తమ్ముడు రాజయ్య జనగామలో బడిపంతులు. బడి విడిచాక బీజగణితంలో పరిశోధన. చదివిందీ, థీసిస్ రాసిందీ ఉర్దూలోనే. పోలీసు చర్య తరువాత చదువులన్నీ ఇంగ్లీషుకు మారాయి. మద్రాసు నుంచి హైదరాబాదుకు వచ్చిన పెద్ద ప్రొఫెసరు ఒప్పుకుంటేనే ఆ థీసిస్ నిలుస్తుంది, లేకపోతే ఏళ్ల కష్టం గంగపాలు. రాజయ్య ముందురోజు నుంచి తిండి ముట్టలేదు. ఒంటరిగా పంపబుద్ధి కాక నేనూ పొద్దుటి బండి ఎక్కాను.

జొన్నరొట్టెల మూట విప్పినా వాడు తినలేదు. ఉస్మాన్‌గంజ్‌కు పోతున్న బెల్లం వ్యాపారి వాణ్ని చూసి, "ఏంది తమ్మీ, పెండ్లికా, సావుకా పోయేది?" అన్నాడు.

"అది సాయంత్రం తెలుస్తది," అన్నాడు రాజయ్య.

తొమ్మిదిన్నరకు నాంపల్లిలో దిగాం. అక్కడ కిరాయి బేరం తెంపుకున్నాకే రిక్షా ఎక్కాలి. అబిడ్స్‌లో ప్రొఫెసరు దిగిన హోటలుకు పోయాం. మధ్యాహ్నం బండికి ఆయన పెట్టె అప్పటికే కట్టి ఉంది. నేను గుమ్మం పక్కన కూర్చున్నాను.

"ఏం చేశారండీ మీరు?" అన్నాడాయన.

"నేను చేసిందంతా హల్ఖాల మీదనే, సార్."

"హల్కానా? నిన్న ఇక్కడి బజారులోనే నేర్చుకున్నానండీ, హల్కా మాల్ అంటే నాసిరకమని. మీ పని నాసిరకమని మీరే అంటుంటే నేను చదవడమెందుకు?"

రాజయ్య కాగితాలు మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు. బయటికి వచ్చి, "పా అక్కా, పోదాం," అన్నాడు.

"యాడికి? ఆయనకు సమజ్ కాలేదు. జర చెప్పిరా, పో."

వాడు గుమ్మంలోనే నిలబడ్డాడు. "క కాదు సార్, ఖ. గొంతుల నుంచి రావాలె. హల్ఖా అంటే బీజగణితంల వలయం. ఇంగ్లీషుల రింగు."

ఆయన కుర్చీ లాగి, "రింగుల మీదా? కూర్చోండి," అన్నాడు.

మధ్యాహ్నం బండి వెళ్లిపోయింది. ఆయన పెట్టె వైపైనా చూడలేదు. చివరికి, "దీన్ని ఇంగ్లీషులో రాసి పంపండి, నేనే పరీక్షిస్తాను," అన్నాడు.

తిరుగు బండిలో రాజయ్య ఎండిన రొట్టెలన్నీ తిన్నాడు. నాకు మాత్రం హైదరాబాదు అంటే బజార్లు కాదు, ఆ గుమ్మమే గుర్తు.

మర్నాడు పొద్దున వాకిలి చల్లి, వాణ్ని పిలిచి, "ఆ క, ఖ రెండూ నేల మీద గీయి, ఏది ఎట్లుంటదో జూస్తా," అన్నాను. వాడు వేలితో గీశాడు. ఆ గీతల వెంట ముగ్గు పోశాను. ఆ రోజు మా వాకిట్లో వేరే ముగ్గు వేయలేదు.