ఎడమవైపు అద్దం

మా వీధి చివర షెడ్డు మెకానిక్ గారు ఏ పాత కారెక్కినా ముందు తన పక్క అద్దం పూర్తిగా దింపేసేవారు. నేను కొనబోయే కారు చూడటానికి వచ్చిన రోజూ అంతే. ఎండ మాడ్చేస్తున్నా ఏసీ వేయనివ్వలేదు. ఇంజను చప్పుడు వినడానికేమో అనుకున్నాను.

ధవళేశ్వరం దాటాక కాలువ గట్టెక్కించమన్నారు. ఎడమవైపు, ఆయన పక్కనే, నిండుగా పారుతున్న నీళ్లు.

“నెమ్మదిగా పోనిచ్చి స్టీరింగ్ వదిలేయండి.”

“ఇక్కడా అండీ?”

“రేపు కొన్నాక మీరు తిరిగేది ఈ గట్టు మీదే కదండీ. వదలండి.”

వేళ్లెత్తాను. కారు మెల్లగా నీళ్లవైపు జరిగింది. అరిచేలోగా ఆయన హ్యాండ్‌బ్రేకు లాగేశారు. కారు ఆగింది.

“ఎడమకి లాగేస్తోంది. ఈ బండి వద్దండి.”

ఊపిరి పీల్చుకుని అడిగాను. “అద్దం దింపింది చప్పుడు కోసమేనా అండీ?”

ఆయన కాలువకేసే చూస్తున్నారు.

“మా తమ్ముడి కారూ ఇలాగే లాగేదండి. బండి చూడ్డానికెళ్లిన రోజు నేను ఏసీ చల్లగా ఉందని చూసి కొనేయమన్నాను. కాలవలోంచి పైకి తీసేసరికి అద్దాలన్నీ ఎక్కించే ఉన్నాయండి.”