మంగ మాట విన్న ఆసుపత్రి

తొంభై ఆరు తుఫాను పోయిన రెండో ఏడు. పొద్దున్నే మా ఆవిడ మంగ బోరింగు నుంచి నీళ్లు తెస్తూ, సగం దారిలో బిందె దించేసి రోడ్డు పక్కన కూలబడిపోయింది. నేను పనికి వెళ్తూ చూసి సైకిల్ దిగేను. "ఆయాసంగా ఉందండీ, మాట రావట్లేదు" అంది. అప్పటికి తనకి ఇరవై నాలుగేళ్లు.

మాది పలివెల. నేను అంబాజీపేటలో కొబ్బరికాయలు ఒలిచే పనికి వెళ్లేవాణ్ణి. మాకు ఒక్కతే కూతురు దుర్గ, అప్పటికి మూడేళ్లు. మంగకి మళ్లీ నెల తప్పింది. అందుకే ఆయాసం కూడా వేవిళ్లలో భాగమే అనుకున్నాం. "నేను మిమ్మల్ని నలుగుర్నీ మోస్తూనే ఊడ్పులకెళ్లేనురా" అని మా అమ్మ తీసిపారేసింది. ఊళ్లో ఆర్ఎంపీ గారు బలానికి ఇంజెక్షన్ చేసేరు. వారం తిరిగేసరికి రెండు దిళ్లు ఎత్తు పెట్టుకుంటే గానీ మంగ పడుకోలేకపోయింది.

కొత్తపేటలో ఓ ట్రస్టు వాళ్లు ఆడవాళ్లకి ఉచిత వైద్య శిబిరం పెడుతున్నారని ఆటోలో మైకు చెప్పుకుంటూ వెళ్లింది. తీసుకెళ్లేను. డాక్టరమ్మగారు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. చిన్నప్పుడు జ్వరమొచ్చి కీళ్లు వాచేవా అని అడిగితే, వాచేవంది మంగ.

"ఇది వేవిళ్ల ఆయాసం కాదమ్మా. ఆ జ్వరం వల్ల గుండెలో వాల్వు ఇరుకైపోయినట్టుంది. ఎకో అని గుండెకి స్కానింగు తీయించాలి" అన్నారు.

ట్రస్టు వాళ్లే వ్యానులో కాకినాడ పంపేరు. సివియర్ మైట్రల్ స్టెనోసిస్, అంటే ఆ వాల్వు బాగా మూసుకుపోయిందని తేలింది. అక్కడి గుండె డాక్టరుగారు రెండు దారులు చెప్పేరు. ఇప్పుడే ఎంటీపీ చేయించుకుని, అంటే గర్భం తీయించుకుని, తర్వాత వాల్వుకి బెలూన్ వేయించుకోవడం, అంటే నరంలోంచి చిన్న బుడగ పంపి వాల్వు వెడల్పు చేయించుకోవడం. లేదా మందులతో నెట్టుకొచ్చి, ఐదో నెల దాటాక కడుపుతో ఉండగానే బెలూన్ వేయించుకోవడం. "రెండోదాంట్లో తల్లి ప్రాణానికి ప్రమాదం ఎక్కువ" అన్నారు.

ఇంటికొచ్చేక అమ్మ పట్టుబట్టింది. "ఈసారి మగపిల్లాడేరా సత్యం. మందులతో నెట్టుకొద్దాం." నాకూ కొడుకు మీద ఆశ లేకపోలేదు. మేమిద్దరం వాదించుకుంటుంటే మంగ గోడకి ఆనుకుని వింటా ఉంది. నీకెలా ఉందని నేనూ అడగలేదు. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రెండ్రోజులాగి, ఏదో ఒకటి తేల్చుకోడానికి ముగ్గురం అమలాపురంలో ఆ ట్రస్టు వాళ్ల ఆసుపత్రికే వెళ్లేం. అక్కడ కౌన్సెలింగ్ చేసే రాజేశ్వరి సిస్టర్ గారితో అమ్మే మొదలెట్టబోయింది.

"మామ్మగారూ, మీరూ అబ్బాయిగారూ కాసేపు బయట కూర్చోండి. నేను ఆవిడతో మాట్లాడాలి."

"మా ముందు మాట్లాడితే తప్పేంటండీ?" అంది అమ్మ.

"తప్పేం లేదండి. ఒళ్లు ఆవిడది కదండీ."

అరగంటకి పిలిచేరు. మంగ మా ఇద్దరి వైపూ సూటిగా చూసి చెప్పింది. "దుర్గని నేనే పెంచుకోవాలండీ. ముందు నేను బతకాలి. ఈ కడుపు నాకొద్దు."

రాజేశ్వరిగారు నా వైపు తిరిగి, "ఉంచుకుంటానన్నా మేం ఇలాగే దగ్గరుండి చూసేవాళ్లం. తేల్చుకోవాల్సింది మాత్రం ఆవిడేనండి" అన్నారు. అమ్మ ఒక్కతే బస్సెక్కి వెళ్లిపోయింది. నేను మంగ పక్కన కూర్చుని, "ఆయ్, నీ మాటే" అన్నాను.

ఎంటీపీ కాకినాడలో, గుండె డాక్టరుగారు పక్కనుండగా జరిగింది. ఆ తర్వాత మంగ నాలుగు రోజులు ఐసీయూలో ఉంది. అన్నాళ్లూ దుర్గని అమ్మే చూసుకుంది. కోపం కోడలి మీదే గానీ మనవరాలి మీద లేదు.

బెలూన్ కోసం విశాఖపట్నం వెళ్తే, గుండెలో క్లాట్, అంటే రక్తం గడ్డ కనబడిందని వాయిదా వేసేరు. రక్తం పల్చబడే మాత్రలిచ్చి పంపించేశారు. మంగ తిరుగు రైల్లో కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. మూడు నెలలు మాత్రలు, రక్తపరీక్షలు. రెండోసారి వెళ్లినప్పుడు బెలూన్ వేసేరు. మర్నాడు వరండా ఆ చివరిదాకా నడిచొచ్చి, "ఏవండీ, ఊపిరి లోపలిదాకా వెళ్తోంది" అంది. ఖర్చంతా ట్రస్టువాళ్లే పెట్టుకున్నారు. ఆ డబ్బు ఏ ఊరి దాతలిచ్చారో మాకు తెలీదు. వాళ్లకీ మేమెవరమో తెలీదు.

మంగకి మళ్లీ గర్భం రాకూడదన్నారు డాక్టర్లు. "ఆవిడకి ఇంకో ఆపరేషన్, మత్తు ఎందుకండీ? మగవాళ్లకి చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కైతే కుట్లు కూడా పడవు, మీరే చేయించుకోండి" అన్నారు రాజేశ్వరిగారు. నేను భయపడ్డాను. నేలలో పాతిన గునపం మీద కాయ ఒలిచేవాడికి నడుం పోతే ఇంకేముంది? "వారం ఆగి పనికెళ్లండి. బలం ఎక్కడికీ పోదు" అన్నారావిడ. చేయించుకున్నాను. మూడు నెలలు కండోమ్ వాడి, ఆపరేషన్ పనిచేసిందో లేదో తెలియడానికి చివర్న పరీక్ష కూడా చేయించుకున్నాను. పనిలో వెక్కిరించినవాళ్లు నాలుగు రోజులకి ఊరుకున్నారు. కాయ ఎప్పట్లాగే ఒలిచేను.

ఇది జరిగి పదేళ్లవుతోంది. దుర్గ ఎనిమిదో తరగతి. మంగ బడిలో మధ్యాహ్న భోజనం వండుతోంది. ఆ కీళ్లజ్వరం మళ్లీ రాకుండా మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ వేయించుకుంటుంది. పెళ్లిళ్లకి వెళ్లాల్సొచ్చినా అది మానదు. మా అమ్మ కూడా మెల్లగా కరిగింది. కిందటేడు తన మోకాళ్లు చూపించుకోడానికి వెళ్తూ, "మంగని తోడు పంపరా, దానికైతే అడగడం తెలుసు" అంది.

చదివేవాళ్లకి నేను చెప్పగలిగింది ఒక్కటే. డబ్బు లేదని రోగాన్ని ఇంట్లో దాచుకోకండి. ఏ పెద్దాసుపత్రికి వెళ్లినా, డాక్టరుగారిని చూసొచ్చేక, "ఇక్కడ సోషల్ వర్కర్ ఎవరండీ? సాయం చేసే ట్రస్టులేమైనా ఉన్నాయా?" అని కౌంటర్లో అడగండి. మొహమాటపడకండి. మేం చేతులు చాచుకునే వెళ్లేం. వాళ్లు మాత్రం మమ్మల్ని కుర్చీ వేసి కూర్చోబెట్టేరు.