రాయబారి కాసిన గొర్రెలు

నా నడుము కింది భాగం ఒక పొట్టేలు పాలైన కథ చెబుతాను. నవ్వుకోండి, తప్పంతా నాదే.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను నల్లగొండ దిక్కున ఒక వైస్ ఛాన్సలర్ గారి దగ్గర టైపిస్టుని. ఆయన పదవి ముగియగానే ఏదో చలి దేశానికి రాయబారిగా వేశారు. సహాయకుడిగా ఆయన వెంట నేనూ విమానమెక్కాలని నా ఆశ. ఆయన్ని ఇంకా అడగనైనా లేదు, షాద్‌నగర్ పోయి ఉన్ని స్వెటర్ మాత్రం కొనేశాను. అంత తెలివి మరి.

కేతేపల్లి పక్కన వాళ్ళ తాతగారి ఊళ్ళో సారుకి సన్మానం. ఆయన జీవితం రాసి చదివే పని నేనే అడిగి నెత్తిన వేసుకున్నాను. అసలు జీవితంలో ఏముంది? జడ్జిగారి కొడుకు, పట్నంలో పుట్టాడు, చదివాడు, చదివించాడు. ఇది వింటే ఊరు కునుకు తీస్తుంది. అందుకని ఆయన చేత గొర్రెలు కాయించాను. తొమ్మిదో ఏట తోడేలును తరిమించాను. ఆయన ఒక్క కూత కూస్తే మూడు ఊళ్ళ గొర్రెలు ఉరికొచ్చేవని రాశాను. మండుటెండలో స్వెటర్ తొడుక్కుని మరీ చదివాను. నేను ప్రయాణానికి సిద్ధమని సారుకు తెలియాలి కదా.

చప్పట్లు ఆగగానే గొర్ల కాపరుల పెద్ద మల్లయ్య లేచాడు.

"సారూ, మీరు గూడ మా తీరుగనే గొర్లు కాసిండ్రని మాకు ఎర్కలేకపాయె. మీకు బహుమానమని పొట్టేలును దెచ్చినం. గా కూత జర మల్ల కూయుండ్రి."

పిల్లిని చూసినా కాళ్ళు కుర్చీ మీదికి లాక్కునే మనిషి మా సారు. ఒకసారి పొట్టేలు కొమ్ముల్ని, ఒకసారి నన్ను చూసి, చిరునవ్వుతో మైకందుకున్నారు.

"నా చిన్నతనం నాకన్న ఈయనకే బాగ ఎర్క. ఈయన్నే కూయమనుండ్రి."

రాయబారులను ఊరికే చేయరండీ.

వేదిక దిగాను. జలుబు చేసిన నక్కలా ఒక కూత కూశాను. మల్లయ్య తాడు వదిలాడు. పొట్టేలు నిజంగానే కదిలింది. నేను పొంగిపోయి, వెనక్కి తిరిగి సారుకు దండం పెట్టాను. స్వెటర్ చూసి, మందలోకి కొత్త పొట్టేలు దిగిందనుకుందేమో, ఊరంతా "అబ్బా" అనేలా కుమ్మింది.

"పొట్టేలుకు ఎన్క చూపిస్తరా ఎవలన్న?" అన్నాడు మల్లయ్య, నన్ను లేపుతూ.

అంత నొప్పిలోనూ నా ఆశ చావలేదు. "సార్, నన్ను గూడ మీ ఎంబడి తీస్కపోండ్రి" అన్నాను.

"నేను పోయే దేశంల మనుషులకన్న గొర్లే ఎక్కువనట. నీకెందుకయ్యా గా తిప్పలు" అన్నారు సారు, నా భుజం తట్టి.

బతికున్న మనిషి బాల్యం జోలికి ఇక పోనని ఆ క్షణమే ఒట్టు పెట్టుకున్నాను. నిలబడే పెట్టుకున్నాను. కూర్చుని పెట్టుకునే వీలు ఇంకో పది రోజుల దాకా లేదు.