బిగించని స్క్రూ

నిరుడు మలేసియాలోని ఇపోలో ఇంటి నుంచే పిల్లలకు ఆన్‌లైన్ ట్యూషన్లు చెప్పేదాన్ని. పాత ల్యాప్‌టాప్ నత్తలా నడుస్తుంటే, గుడిలో పరిచయమైన అప్పలసామి మామ కంప్యూటర్ కొట్టులో ఇంకాస్త వేగమైన ప్రాసెసర్ కొన్నాను. తనే బిగిస్తానన్నాడు. నేను వినకుండా, వీడియో చూసి ఇంట్లో బిగించుకున్నాను. ఆన్ చేస్తే తెర నల్లగా ఉండిపోయింది.

ఒళ్లు మండి ల్యాప్‌టాప్ పట్టుకుని కొట్టుకు పరుగెత్తాను. ఐదారుగురు కొనేవాళ్ల ముందే అరిచాను.

"పాడైన సామాను అంటగట్టినావు! మనోళ్లని నమ్మితే మోసం సేసినావు లా!"

"నాను మోసం సేసినానా? ఇటివ్వు," అన్నాడు మామ. ఆయన మొహం జేవురించింది.

కింది మూత విప్పి, ఫ్యాన్ తీసి, ప్రాసెసర్ పక్కనున్న చిన్న స్క్రూను సగం చుట్టు తిప్పాడు. మళ్లీ అన్నీ బిగించి ఆన్ చేస్తే తెర వెలిగింది.

"ప్రాసెసర్ పెట్టినావు గానీ దాన్ని పట్టుకునే స్క్రూ తిప్పనేదు. ఇంతమందిలో నన్ను దొంగని సేసినావు. ఇంక నా కొట్టు గుమ్మం ఎక్కకు."

ఎవరో కిసుక్కున నవ్వారు. తల వంచుకుని ల్యాప్‌టాప్‌తో బయటపడ్డాను.

అది ఇప్పుడు చక్కగా పనిచేస్తోంది. గుడిలో ఎదురైతే మామ మొహం తిప్పుకుంటాడు. క్షమించమని అడగడానికి నాకు ఇప్పటికీ నోరు రాలేదు. ముక్కూమొహం తెలియని మీకు చెప్పడం మాత్రం తేలికగానే ఉంది.