రాత్రి పులుసు మీద నేను చెప్పిన చాడీ

మధురవాడలో మా పక్క ఫ్లాటు వాళ్ళు ఆదివారం చేపల పులుసు పెడితే, మరిగే చింతపండూ మెంతిపొడీ కలిసిన ఆ వాసన తలుపు సందులోంచి దూరి వచ్చి, తొమ్మిదేళ్ళప్పుడు నన్ను పిల్లల హోమ్ నుంచి తెచ్చి దింపిన కూర్మన్నపాలెం వంటింట్లో కూర్చోబెడుతుంది. ఆ ఇంట్లో పిల్లల్లేని ఇద్దరు. అప్పలరాజుది ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టుల పని, ఆయన భార్య నూకరత్నం పుట్టిల్లు జాలరిపేట. నన్ను దత్తత ఇవ్వలేదు, పెంచమని ఇచ్చారంతే. కొన్ని నెలలకోసారి హోమ్ తరఫున ఆఫీసరమ్మ వచ్చి చూసి, నేను బాగాలేనంటే వెనక్కి తీసుకుపోతుంది.

కొత్తలో అందరూ ముద్దు చేస్తారు, మోజు తీరాక తిప్పి పంపేస్తారు అని హోమ్‌లో పెద్దపిల్లలు నాకు ముందే నూరిపోశారు. అందుకే నూకరత్నం తలకి నూనె రాస్తే ఎవరు చూడాలని రాస్తోందో అనీ, ఎండాకాలం ముంజెలు ఒలిచి నోట్లో పెడితే నా దగ్గరేం కాజెయ్యాలనో అనీ, అప్పలరాజు షిఫ్టు దిగి జామకాయలు తెస్తే మంచివన్నీ దారిలోనే తినేశాడేమో అనీ ఓరగా చూసేదాన్ని. అన్నిటికంటే పెద్ద అనుమానం ఆవిడ మట్టి దాక మీద. వంజరం పులుసు పెట్టిన రోజు నడిముక్కలన్నీ నా కంచంలోనే పడేవి. మర్నాడు పొద్దున్న మాత్రం దాకలో మిగిలింది వాళ్ళిద్దరే చద్దన్నంలో కలుపుకుని లొట్టలేస్తూ తిని, నాకు వేడి ఇడ్లీలు పెట్టేవారు. నాకు తెలియకూడనిదేదో అందులో ఉందని నా గట్టి నమ్మకం.

ఆరు నెలలు గడిచాక, సరిగ్గా ఆఫీసరమ్మ వచ్చే రోజు పొద్దున్న, నా కంచంలో ఇడ్లీలకి బదులు చద్దన్నమూ, నిన్నటి పులుసూ, ఒక తోకముక్కా పడ్డాయి. అయిపోయింది, పాచికూర దాకా వచ్చింది, ఇవాళే పంపించేస్తారు! వాళ్ళు గెంటేలోపు నేనే పోతే పరువైనా దక్కుతుందనుకుని, ఆఫీసరమ్మ గుమ్మంలోకి రాగానే, "నాకు పాసిపోయిన కూరెట్టినారు" అని ఏడుస్తూ చెప్పేశాను.

ఆవిడ ముఖం మారిపోయింది. పుస్తకం తెరిచి రాయడం మొదలుపెట్టింది. నూకరత్నం దాక తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. ఆఫీసరమ్మ మూత తీసి వాసన చూసి, "బాగానే ఉందే! కొంచెం వెయ్యండి, రుచి చూస్తాను" అంది.

"ఓలమ్మో, మీకెట్టనమ్మా! సుట్టాలకి రేతిరి కూరెడతామేటి? ముక్కకి పులుసు పట్టి మర్నాడే రుచిగుంటాది, అది ఇంటోలకే. ఈ పిల్ల ఇంక సుట్టం కాదని ఇయ్యాలే ఎట్టినాను" అని, నూకరత్నం ఆవిడ కోసం గుడ్డట్టు వెయ్యడానికి కళ్ళు తుడుచుకుంటూ లేచింది.

ఆఫీసరమ్మ రాసింది కొట్టేసింది. నేను సిగ్గుతో చచ్చి, తోకముక్క ముళ్ళతో సహా నమిలేశాను.

ఆ ఇల్లు పడగొట్టి మూడంతస్తులు లేపారు. అమ్మ పోయి రెండేళ్ళయింది. ఆ చాడీకి క్షమించమని ఎప్పుడూ అడగలేకపోయాను గానీ, ఉద్యోగం వచ్చిన రోజు, "ఆవేళ నన్ను తీసుకుపోయుంటే ఏం చేసేదానివమ్మా?" అన్నాను.

"నిన్నొగ్గేత్తానేటే! ఎనకాలే వచ్చి ఆ హోమ్ గేటు కాడే కూకుందును" అంది, చేపలు తోముతూ, తల కూడా ఎత్తకుండా.

అలా నాకోసం వచ్చి కూర్చునే మనిషి ఇప్పుడు లేదు.