గోదెలీవ్ బొటనవేలు

గోదెలీవ్ వాన్‌హూట్‌కు బ్రస్సెల్స్‌లో ఉన్న పలుకుబడంతా ఆమె కుడిచేతి బొటనవేలిదే. యూరప్ పార్లమెంటు న్యాయ వ్యవహారాల కమిటీలో తమ పక్షం వాళ్ళకి ముందు వరుసలో కూర్చునేది. ఓటింగ్ మొదలైందంటే అధ్యక్షురాలు గుక్క తిప్పుకోదు, సవరణల మీద సవరణలు పరుగు పెడతాయి. అన్నీ చదివి ఓటేసే ఓపిక ఎవరికుంది? గోదెలీవ్ బొటనవేలు పైకి లేపితే వెనకవాళ్ళు "అనుకూలం" అన్నప్పుడు చేతులెత్తుతారు, కిందికి దించితే "వ్యతిరేకం" అన్నప్పుడు ఎత్తుతారు. ఒకసారి ఆమె మంచినీళ్ళు కావాలని బంట్రోతుకు సైగ చేస్తే, వెనకున్నవాళ్ళు తమ పక్షం పెట్టిన సవరణనే ఓడించారు. ఆ ముచ్చట చెప్పుకుని ఇప్పటికీ పడీపడీ నవ్వుతారు గానీ, వేలు చూడటం మాత్రం ఒక్కరూ మానలేదు.

ఆమెది సముద్రం ఒడ్డున రేవు ఊరు ఒస్తెండ్. తండ్రి నడిపిన రొయ్యల పడవను ఇప్పుడు తమ్ముడు వన్నెస్ నడుపుతున్నాడు. ఓడరేవు కూలీల తరఫున వాదించే వకీలుగా పేరు తెచ్చుకుని, ఆ పేరుతోనే పార్లమెంటుకొచ్చింది. వాన్‌హూట్‌ల పిల్లకు నోరెక్కువని రేవులో చిన్నప్పటినుంచీ అనేవారు. ఆమె ఎప్పుడూ కాదనలేదు.

ఆ వసంతంలో దూరదేశాల నుంచి వచ్చే చవక రొయ్యల మీద సుంకం పెంచుతూ ఒక నిర్ణయం తయారైంది. ఒస్తెండ్‌కు అంతకంటే కావలసింది లేదు. పేచీ అంతా దాన్ని ఏ అధికరణం కింద తెచ్చారన్న దగ్గరే వచ్చింది. వాణిజ్య అధికరణం కింద తెస్తే పార్లమెంటు సరేననాలి. దాన్ని తయారుచేసినవాళ్ళు అత్యవసర అధికరణం కింద తెచ్చారు. అలాగైతే సభ్యదేశాల మంత్రులు తలుపులేసుకుని తేల్చేసుకోవచ్చు, పార్లమెంటుకు కబురు పంపితే చాలు. చట్టపు పునాది సరైనదా కాదా తేల్చాల్సింది న్యాయ వ్యవహారాల కమిటీ. పునాది తప్పని, పార్లమెంటు కోర్టుకెక్కాలని చెప్పే అభిప్రాయం గురువారం ఓటుకు రానుంది.

ముందురోజు మధ్యాహ్నం క్యాంటీన్లో పక్షం నాయకుడు కొర్బినియన్ కాఫీ పట్టుకుని వచ్చి ఆమె ఎదుట కూర్చున్నాడు.

"రేపు వేలు కిందికే గదా, గోదెలీవ్ గారూ?"

"ఎందుకు?"

"ఎందుకేమిటండీ? ఆ మంత్రుల్లో సగం మంది మనవాళ్ళే. పైగా లాభం మీ ఊరికే. అందిన కూడు కాలదన్నుకుంటారా?"

"మూడేళ్ళుగా ఆ రొయ్యలు వస్తూనే ఉన్నాయి. అత్యవసరం ఇప్పుడు పుట్టుకొచ్చిందా?"

"అధికరణం ఏదైతేనేం, పని జరగడం ముఖ్యం."

"నన్నడగకుండా ఇవాళ మేలు చేశారనుకోండి. రేపు నన్నడగకుండా కీడు చేస్తే ఏ మొహంతో అడగను?"

కొర్బినియన్ నవ్వేసి లేచాడు. ఆమె ఎంత అరిచినా చివరికి పక్షం చెప్పినట్టే వేలు దించుతుందనే అతని నమ్మకం. ఆమెను కుదిపేసింది అతని మాటలకంటే ఆ నవ్వే. ఇన్నాళ్ళూ తను చేసింది ఇదే గదా అని ఒళ్ళు మండింది.

సాయంత్రం వన్నెస్ ఫోన్ చేశాడు. ఎవరు చెప్పారో గానీ కబురు రేవుదాకా పాకింది.

"అక్కా, సుంకానికి అడ్డం పడుతున్నావంట?"

"సుంకానిక్కాదురా. తెచ్చే పద్ధతికి."

"పద్ధతిని ఉడకేసుకు తింటామా? ఇంతకీ నువ్వు మా ఇంటి ఆడపడుచువా, ఆ రొయ్యలమ్మేవాళ్ళ ఇంటి ఆడపడుచువా?"

"వాణిజ్య అధికరణం కింద రేపే తెమ్మను, మొదటి చెయ్యి నేనే ఎత్తుతా."

"అది తెమిలేసరికి ఏడాది పడుద్ది. అందాకా నా పడవ సంగతేంటి?"

ఆ బాధ ఆమెకు తెలియనిది కాదు. ఆ పడవ మీద వచ్చిన కూడే తిని పెరిగింది.

గురువారం కమిటీ గది కిటకిటలాడింది. ఆ అంశం రాగానే వెనకవాళ్ళు అలవాటుగా గోదెలీవ్ చేతికేసి చూశారు. ఆమె చేతులు కట్టుకుని కూర్చుంది. లిస్బన్ నుంచి వచ్చిన సభ్యుడు అదెలీను వెనక కుర్చీలోంచి ముందుకు వంగాడు.

"వేలు ఏదండీ?"

"ఇవాళ దానికి సెలవు."

"మరి మేమేం చెయ్యాలి?"

"కాగితం నీ ముందే ఉంది. అరపేజీ కూడా లేదు. చదువుకో, నీకేది న్యాయమనిపిస్తే దానికి ఎత్తు."

"ఇదేం ఖర్మండీ బాబూ," అని గొణిగాడు అదెలీను.

"అనుకూలం" అనగానే గోదెలీవ్ చెయ్యెత్తింది. వెనక ఒకరు ఎత్తారు, ఒకరు సగం ఎత్తి దించారు, ఇంకొకరు పక్కవాళ్ళను చూస్తూ ఉండిపోయారు. లెక్క తేలక అధ్యక్షురాలు మీటలతో ఓటు వేయమంది. అందరూ ఓటు కార్డుల కోసం జేబులు తడుముకుంటున్న ఆ కాస్త వ్యవధిలో అదెలీను నిజంగానే కాగితం చదివాడు. చదివి తల గోక్కుని, "వీళ్ళు మనల్ని బొత్తిగా లెక్కలోంచే తీసేశారే," అన్నాడు.

అభిప్రాయం ఒక్క ఓటు తేడాతో గెలిచింది. పునాది తప్పని కమిటీ తేల్చేసింది. ఇక సుంకం సంగతి కోర్టుకెక్కినట్టే.

మధ్యాహ్నానికల్లా కొర్బినియన్ ఆమె గదికొచ్చాడు. ఈసారి నవ్వలేదు.

"జరిగిందేదో జరిగింది. దిద్దుబాటు రాసివ్వండి."

ఆ పార్లమెంటులో అదొక ఆచారం. తప్పు మీట నొక్కిన సభ్యుడు తన ఉద్దేశం వేరని రాసిస్తే దాన్ని నమోదు చేస్తారు. ఫలితం మారదు, మనిషి పరువు మాత్రం దక్కుతుంది.

"పొరపాటున నొక్కానని రాయాలా?"

"అంతే. ఒక్క వాక్యం. ముందు వరుస కుర్చీ మీకే ఉంటుంది, వచ్చే ఎన్నికల్లో సీటూ ఉంటుంది. మీ ఊళ్ళో కూడా ఎవరూ వేలెత్తి చూపరు."

"రాయకపోతే?"

"వెనక వరుసలో ఖాళీలున్నాయి."

"ఇన్నేళ్ళలో నేను చదివి, ఆలోచించి, నా అంతట నేను వేసిన ఓటు ఇదొక్కటే కొర్బినియన్ గారూ. దీన్ని పట్టుకుని పొరపాటని రాయమంటారు. మీ కుర్చీ మీరే ఉంచుకోండి."

శుక్రవారం పొద్దున్నే ఒస్తెండ్ రైలెక్కింది. వన్నెస్ స్టేషన్‌కొచ్చి ఆమె సంచి కారులో పడేశాడు.

"రేవుకు పోవద్దు. కాక మీదున్నారు," అన్నాడు. "పోయినా, తప్పు మీట నొక్కానని చెప్పెయ్యి. నమ్ముతారు. ఒకటి రెండు రోజులు వెక్కిరించి ఊరుకుంటారు."

"కారు రేవుకే పోనీరా."

పడవలొచ్చే వేళ. గట్టు మీద గంపల్లో, పడవలోనే ఉడికించి తెచ్చిన రొయ్యలు ఇంకా పొగలు కక్కుతున్నాయి. ఆమెను చూసి ఒకడు గట్టు మీద ఉమ్మేశాడు. తండ్రి ఈడు ముసలాయన ఒకాయన వల పక్కన పెట్టి అడిగేశాడు.

"ఏమ్మా, పొరపాటున నొక్కావంటగా? మీ తమ్ముడు చెబుతున్నాడు."

వన్నెస్ తల దించుకున్నాడు.

"పొరపాటు కాదు పెద్దాయనా. కావాలనే నొక్కాను."

"మా నోటికాడి కూడు తీసేసి, మళ్ళీ మా ఎదటికొచ్చి చెబుతున్నావే."

"మీకు కోపమొస్తే నన్ను అడగడానికి ఈ గట్టుంది. ఇంకా కోపమొస్తే వచ్చే ఎన్నికల్లో దించేస్తారు. తలుపులేసుకుని సంతకాలు పెట్టేవాళ్ళను ఏ గట్టు మీద పట్టుకుని అడుగుతారు? రేపు వాళ్ళే ఈ సుంకం ఎత్తేస్తే ఎవరిని దించుతారు?"

ఎవరూ సరేననలేదు. ముసలాయన ఒక ఖాళీ గంప బోర్లించి ఆమె ముందుకు కాలితో తోశాడు.

"అయితే కూర్చో," అన్నాడు. "మేం అడగాల్సింది చాలా ఉంది."

ఆమె కూర్చుంది.