మాజీ సర్పంచ్ పాదయాత్ర

మొగుళ్లపల్లి దగ్గర ఒక ఊరిని రెండు దఫాలు సర్పంచ్‌గా ఏలిన ప్రభాకర్ రావుకు అరవై ఎనిమిదేళ్లు. ఇన్నేళ్లలో ఆయన తలకెక్కనిదంటూ లేదు. పదవి ఎక్కింది. ఊరివాళ్లు కప్పిన శాలువాలు భుజాల మీద ఆగకుండా నేరుగా తలకే ఎక్కాయి. ఎక్కవలసిన రక్తమొక్కటే సరిగా ఎక్కడం లేదని తర్వాత తేలింది.

నడక మీద ఆయనకు స్థిరమైన అభిప్రాయముంది: బండి లేనివాడు నడుస్తాడు. ఆయనకు కారుంది, మోటార్ సైకిలుంది. కాబట్టి ఇంటికి నూటయాభై అడుగుల దూరంలో ఉన్న చాయ్ హోటల్‌కు సైతం వాహనారూఢుడై వేంచేసేవాడు. దారిలో కట్టమ్మ ఎదురైతే జాలిపడేవాడు. కట్టమ్మ డెబ్బై దాటిన కూలిమనిషి. పత్తి చేన్లకు రెండు మైళ్లు నడిచి పోతుంది, నడిచే వస్తుంది.

"ఏమే కట్టమ్మ, ఇంకా నీ కాళ్లు అరగలేదా?"

"అరిగితే నీయి ఇయ్యి పటేలా. కొత్తగనే ఉన్నయి గద."

అన్నదమ్ములు ఆగయ్య, ఎల్లస్వాముల పొలం గెట్టు పంచాయితీ ఆయన ముందుకొచ్చింది ఆ రోజుల్లోనే. ముప్పై ఏళ్ల కింద ఆ పొలం కొలిపించి హద్దురాయి పాతించింది సర్పంచ్‌గా ఆయనే. రాయి ఇప్పుడు మట్టిలో కూరుకుపోయింది. అదెక్కడుందో ఆయనకే తెలుసని ఊరి నమ్మకం. ఆయన పెద్దరికమంతా ఆ జ్ఞాపకం మీదే నిలబడి ఉంది. పంచాయితీలో గొంతు సవరించుకుని, "ఆ రాయి..." అని ఆగిపోయాడు. ఎంత వెతికినా తలలో రాయి దొరకలేదు. అది చాలదన్నట్టు ఆగయ్య వైపు తిరిగి, "నువ్వు ఎవల కొడుకువురా?" అన్నాడు. పుట్టినప్పటి నుంచి ఎరిగిన ఆగయ్య బిత్తరపోయాడు. పెద్దమనిషి తన గొంతు పట్టిందని చెప్పి, పంచాయితీని వచ్చే శుక్రవారానికి వాయిదా వేశాడు.

భార్య కరుణ మాత్రం ఆ గొంతు కథ నమ్మలేదు. మర్నాడే భూపాలపల్లి దవాఖానకు తీసుకుపోయింది. డాక్టర్ అలేఖ్య స్కానింగ్ చూసింది.

"మెదడులో సన్న రక్తనాళాలు ఇరుకైనయి సార్. బీపీ గోలీలు ఎప్పుడు బంద్ చేసిండ్రు?"

"రెండేండ్లయింది. నెత్తి నొస్తలేదు గద, గోలీలెందుకని."

"పోయిన మతి మళ్ల వస్తదని నేను చెప్పలేను. ఉన్నదాన్ని కాపాడుకోవాలె. గోలీలు తప్పొద్దు, సిగరెట్లు ముట్టొద్దు, రోజూ అర్ధగంట నడవాలె."

అన్నీ గౌరవంగా విన్న ప్రభాకర్ రావు చివరి మాట దగ్గర అవమానపడ్డాడు. "నడుసుడా? దానికి సూది లేదా అమ్మా?"

సూది లేదు గానీ దవాఖాన ఎదురుగానే ఒక దుకాణంలో కాళ్లాడించే మిషన్ ఉంది. కూర్చుంటే చాలు, అదే కాళ్లను ఊపుతుంది, రక్తం గిర్రున తలకు పోతుంది అన్నాడు అమ్మేవాడు. ప్రభాకర్ రావుకు ఇంత అర్థవంతమైన వైద్యం ఇంతకు ముందెన్నడూ తారసపడలేదు. శుక్రవారం దాకా పడకకుర్చీలో పేపర్ చదువుతూ, పాదాలను మిషన్‌కు అప్పగించి, ఘనంగా నడిచాడు.

"గుణం కనవడుతుందే," అన్నాడు భార్యతో.

"అవును," అంది కరుణ. "మిషన్ జర సన్నబడ్డది."

శుక్రవారం కారు రోడ్డు మీదే ఆగిపోయింది. పొలం రెండు ఫర్లాంగుల లోపల ఉంది. గట్టు మీద కారుకు దారి లేదు. దారిలో ఆయన మూడుసార్లు ఆగాడు. ఆగినప్పుడల్లా, రొప్పు దాచుకోవడానికి, దేశాన్ని పరిశీలిస్తున్నట్టు దిక్కులు చూశాడు. అన్నదమ్ములూ ఊరివాళ్లూ ఎదురుచూస్తున్న పొలానికి చేరి వేలు చూపించాడు. "గిక్కడనే."

తవ్వారు. మట్టి. "గిక్కడ." మళ్లీ మట్టే. మూడో గుంత మోకాలి లోతయ్యాక ఎల్లస్వామి గడ్డపార కింద పెట్టాడు.

"పటేలా, మాకు హద్దు చూపిస్తున్నవా, బాయి తవ్విపిస్తున్నవా?"

పక్క చేనులో పత్తి ఏరుతున్న కట్టమ్మ నడుం నిలబెట్టింది. "ఆ రాయి నెత్తిన మోసుకొచ్చింది నేనే. మోదుగు మొదలు కాడ దించిన." వచ్చి, పదడుగులు వేసి, మడమతో నేల గీకింది. "తవ్వుండ్రి."

రెండడుగుల లోతులో గడ్డపార ఖంగుమంది.

"అవ్వా, జర కింది గెట్టు సుత చూపియ్యవా," అంటూ ఆగయ్య ఆమె వెంట నడిచాడు. తమ్ముడు నడిచాడు. ఊరూ నడిచింది. మాజీ సర్పంచ్ మూడు గుంతలకు అధ్యక్షుడై నిలబడ్డాడు.

మర్నాటి నుంచి గోలీలు వేసుకుంటున్నాడు, నడుస్తున్నాడు కూడా. ఎవరూ చూడకుండా గేటుకు తాళం వేయించి, ప్రహరీ లోపల కారు చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నాడు. లెక్క బాధ్యత మెట్ల మీద కూర్చున్న కరుణది.

"ఎన్నయినయే?"

"ఆరు."

కొంతసేపటికి మళ్లీ అడిగాడు. "ఇప్పుడెన్ని?"

నిజానికి పదకొండయ్యాయి. కరుణ ఆయన ముఖం వైపు ఒక క్షణం చూసింది.

"ఆరే."

ప్రభాకర్ రావు అనుమానంగా నిలబడ్డాడు. వాదించడానికి తన దగ్గర ఏ లెక్కా లేదు. ఏడో చుట్టు మొదలుపెట్టాడు.